స్టార్ట్ కావట్లేదక్కా

అక్కకు యాభై దాటాక పెళ్ళయింది. చెల్లెలికి అసలు కాలేదు. అమ్మానాన్నలు పోయిన తరువాత ఇద్దరూ ఆ చిన్న ఇంట్లోనే, ఒకరినొకరు సాధించుకుంటూ, ఒకరు లేనిదే ఒకరికి ముద్ద దిగకుండా ఇన్నేళ్ళూ గడిపారు. అక్క డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పేది. ఊళ్ళో స్టీరింగు పట్టిన ఆడవాళ్ళలో సగం మంది ఆమె చేత చీవాట్లు తిన్నవాళ్ళే. చెల్లెలు కళ్ళద్దాల షాపులో, వెనక గదిలో కూర్చుని అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించేది. నోటితో పనిలేని ఉద్యోగం. పగలంతా దాచుకున్న మాటలన్నీ సాయంత్రం ఇంటికొచ్చి అక్క ముందు కుమ్మరించేది.

బావ కారు నేర్చుకోవడానికే వచ్చాడు. భార్య పోయి చాలాకాలమైన మనిషి. ఈ ఊళ్ళో బేకరీ పెట్టాడు. బేకరీ సాగలేదు, డ్రైవింగూ రాలేదు. ఒకరోజు క్లచ్ అనుకుని బ్రేకు తొక్కితే అక్క నుదురు వెళ్ళి డాష్‌బోర్డుకి కొట్టుకుంది. ఆ తరువాత కనిపించిన ప్రతిసారీ "నొప్పి తగ్గిందాండీ" అని అడిగేవాడు. బొప్పి మాయమైనా అడగడం మానలేదు. చివరికి బేకరీ మూసేసి సొంత ఊరికి తిరిగి వెళ్తూ అక్కను వెంటబెట్టుకుని వెళ్ళాడు.

"వ్యాపారం మునిగితే మునిగింది గానీ, ఉత్త చేతుల్తో మాత్రం పోలేదమ్మా మీ బావ" అంది ఎదురింటి టైలరమ్మ.

చెల్లెలు పకపకా నవ్వింది. రిజిస్ట్రారు ఆఫీసులో సాక్షి సంతకం పెట్టింది కూడా తనే. బస్సెక్కించి ఇంటికొచ్చి తలుపు తీసిన తరువాత మాత్రం నవ్వు రాలేదు.

ఒక్క మనిషికి వండటం ఎంత కష్టమో ఆమెకు అప్పుడే తెలిసింది. ఎంత తక్కువ పోసినా గిన్నెలో మిగిలేది. కొన్నాళ్ళకు కూర్చుని తినడం మానేసి, పొయ్యి దగ్గరే నిలబడి నాలుగు ముద్దలు మింగేసేది. టీవీ పెట్టుకునేది గానీ చూసేది కాదు. పక్కగదిలో ఎవరో మాట్లాడుతున్నట్టు ఉంటే చాలు. షాపుకి వెళ్ళే రోజులు ఎలాగో గడిచిపోయేవి. ఆదివారమే కొండలా మీదకొచ్చి కూర్చునేది.

అక్క ఫోన్ చేసేది. మొదట్లో పొడుగ్గా మాట్లాడేది. రానురాను "తిన్నావా, ఒంట్లో బాగుందా, సరే ఉంటా" అన్నంత వరకే వచ్చింది. తప్పు తనదేనేమో అనుకుంది చెల్లెలు. చెప్పడానికి తన దగ్గర ఏముంది గనక? ఇవాళ ఇన్ని అద్దాలు బిగించాను, రేపు ఇన్ని బిగిస్తాను. అటువైపు నుంచి, బావ సొంత ఊళ్ళో మళ్ళీ తెరిచిన బేకరీలో పళ్ళేల చప్పుడు, ఎవరో గట్టిగా నవ్వడం, బావ "ఇదిగో, నిన్నే" అని పిలవడం వినిపించేవి. తన వెనక గోడ గడియారం తప్ప ఏమీ లేదు.

అక్క వెళ్తూ కారు వదిలేసి వెళ్ళింది. "అక్కడ నాకు కారుతో పనిలేదులే. నువ్వు తిప్పుకో. తిప్పకపోతే పాడైపోద్ది" అంది. వానలు మొదలయ్యేలోగా ఇంజను ఒకసారి శుభ్రం చేయమని కూడా చెప్పింది. ప్రతి ఏడూ అక్క చేసే పని అది. చెల్లెలు మెట్టు మీద కూర్చుని టీ తాగుతూ చూసేది. అడిగిన గుడ్డ అందించేది, తప్పుడు స్పానరు అందించి తిట్లు తినేది.

ఆ ఆదివారం నిద్ర లేవగానే, ఇవాళ ఇంజను తుడుద్దాం అనుకుంది. కారు మీద ప్రేమతో కాదు. సాయంత్రం అక్కకు చెప్పడానికి ఒక సంగతి ఉంటుందని.

కారు ఇంటి ముందు రేకుల నీడలో ఉంది. ముందు రోజు సాయంత్రం నుంచి కదల్లేదు కాబట్టి ఇంజను చల్లగా ఉంది. అయినా బానెట్ ఎత్తి అరచెయ్యి పెట్టి చూసుకుంది. "వేడి ఇంజను మీద చన్నీళ్ళు పోస్తే లోహం చిట్లుతుంది, జిడ్డు వదిలించే మందు చల్లితే పొగలొస్తాయి, నీ చెయ్యి కాలితే నేను డాక్టర్ని కాదు" అని అక్క ప్రతి ఏడూ చదివే పాఠం. పాఠం మొత్తం ఆమెకు తెలియకుండానే కంఠతా వచ్చేసింది. ముందు పాత దుప్పటి ఒకటి కారు కింద పరిచింది, జిడ్డు నీళ్ళు కాలువలోకి పోకుండా. చేతులకి రబ్బరు గ్లౌజులు, కళ్ళకి షాపులో అరగదీసేటప్పుడు పెట్టుకునే పెద్ద అద్దాలు.

"ఏంటమ్మోయ్, కారుకి ఆపరేషనా?" అంది టైలరమ్మ, కిటికీ పక్కన మిషను తొక్కుతూనే.

"తలంటు పోస్తున్నానండీ!"

"జాగ్రత్త, సబ్బు కళ్ళల్లో పడితే ఏడుస్తుంది!"

మొదట బ్యాటరీ. నెగెటివ్ తీగ ముందు విప్పాలి. నల్లటి తీగను వదులు చేసి, దేనికీ తగలకుండా గుడ్డ చుట్టి పక్కకు వంచింది. తరువాత పొడి చెత్త. ముందద్దం కింద గాడిలో ఎండుటాకులు దట్టంగా పేరుకుని ఉన్నాయి. బ్రష్షుతో లాగి బయటికి ఊడ్చింది. బ్యాటరీ పక్క సందులో బ్రష్షుకి ఏదో గట్టిగా తగిలింది. రెండు వేళ్ళు దూర్చి లాగితే కటింగ్ ప్లయరు వచ్చింది, ఎర్ర పిడిది.

ఆమె అలాగే నిలబడి దాన్ని చూసింది. ఈ ప్లయరు కోసం పోయినేడు ఇంట్లో పెద్ద యుద్ధం జరిగింది. "నువ్వే ఎక్కడో పారేశావ్" అని అక్క. "నాకు దాంతో పనేంటి, పళ్ళు పీక్కుంటానా" అని తను. నాలుగు రోజులు మాటల్లేవు. ఇంతకీ దొంగ అక్కే!

గ్లౌజులు ఊడబీకి ఫోన్ అందుకుంది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మూడోసారికి అక్క ఎత్తింది.

"అక్కా, ఏం దొరికిందో చెప్పు..."

"ఒసే, కేకు మీద పేరు రాస్తున్నానే, చెయ్యి ఖాళీ లేదు. తర్వాత చేస్తా." అటువైపు ఎవరో ఏదో అన్నారు. అక్క నవ్వింది. ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉండగా లైను తెగిపోయింది.

అక్క కేకుల మీద పేర్లు రాయడం ఎప్పుడు నేర్చుకుంది? ఆ ప్రశ్న మీద కాసేపు నిలబడి, చెల్లెలు మళ్ళీ గ్లౌజులు తొడుక్కుంది.

ఆల్టర్నేటరు మీద ప్లాస్టిక్ సంచి కప్పి చుట్టూ టేపు వేసింది. ఫ్యూజుల పెట్టెకు ఒకటి, గాలి పీల్చే గొట్టం మూతికి ఒకటి, తీగలు కలిసే చోటల్లా చిన్న చిన్న సంచులు. జిడ్డు వదిలించే మందు కింది నుంచి పైకి చల్లింది. అది నానే లోపల బ్రష్షు చేతపట్టుకుని నిలబడింది. మందు ఎండకూడదు, తొందరపడకూడదు. తరువాత మూలమూలలా రుద్దింది. అద్దాలు అరగదీసే చెయ్యి కదా, ఎక్కడ గట్టిగా నొక్కాలో, ఎక్కడ ఊరికే తాకి వదిలెయ్యాలో దానికి తెలుసు. నల్లటి జిడ్డు కరిగి గోధుమ రంగు నురగగా కారుతుంటే, పంటి కింద రాయి తీసేసినంత హాయిగా అనిపించింది. పైపు పెట్టి జోరుగా కొట్టకుండా, మొక్కలకు పోసే చిల్లుల డబ్బాతో నీళ్ళు సన్నగా పోసింది. డబ్బా మోసి మోసి నడుం పట్టేసింది. ఆరేదాకా మెత్తటి గుడ్డలతో అద్ది, సంచులన్నీ ఊడదీసి, కనెక్షన్ల దగ్గర చెమ్మ ఉందేమోనని వంగి వంగి చూసింది. తడి దుప్పటి నలుమూలలూ పట్టి మురికినీళ్ళు బకెట్లోకి పిండింది. నల్లటి ప్లాస్టిక్ మూతలకీ రబ్బరు గొట్టాలకీ పాలలాంటి పాలిష్ పట్టించి, ఫ్యాను బెల్టు జోలికి మాత్రం పోలేదు. "బెల్టుకి పాలిష్ పెడితే జారుతుంది, జారితే కూస్తుంది, కూస్తే నీ గొంతే గుర్తొస్తుంది నాకు" అనేది అక్క.

చివరికి బ్యాటరీ తీగ బిగించి, తాళం తిప్పింది. ఒక్క తిప్పుకి అందుకుంది. బానెట్ ఎత్తే ఉంచి, ముందుకొచ్చి చూసింది. ఇంజను సన్నగా గురక పెడుతున్నట్టు ఆడుతోంది. ఎక్కడా పొగ లేదు, వాసన లేదు. షోరూములోంచి అప్పుడే దింపినట్టుంది.

"భలే!" అంది పైకే.

చుట్టూ చూసింది. టైలరమ్మ భోజనానికి లోపలికి వెళ్ళినట్టుంది, కిటికీ ఖాళీగా ఉంది. మెట్టు మీద ఎవరూ లేరు. ఇంజను ఆపేసింది. తాను లోపలికి పోయి చేతులు కడుక్కుని, పొయ్యి దగ్గర నిలబడి పొద్దుటి అన్నం తింది.

బాగా పొద్దువాలాక అక్క ఫోన్ చేసింది. "ఏంటే, అన్నిసార్లు చేశావ్? ఏమైనా అయిందా?"

ఇంజను తుడిచాను, ప్లయరు దొరికింది, దొంగవి నువ్వే. ఇదీ చెప్పాల్సింది. చెప్తే అక్క నవ్వుతుంది. "మంచి పని చేశావ్, సరే ఉంటా" అంటుంది. ఆ 'సరే ఉంటా' ముందే వినిపించినట్టయి, నోట్లోంచి ఇంకో మాట వచ్చేసింది.

"ఇంజను కడిగానక్కా. స్టార్ట్ కావట్లేదు."

"ఏంటీ?" అక్క గొంతు మారిపోయింది. "ఆల్టర్నేటరు కప్పావా?"

"...మర్చిపోయా."

"ఫ్యూజు బాక్సు?"

"అదీ మర్చిపోయా."

"నీ మొహం మండ, ఎన్నిసార్లు చెప్పాను! బ్యాటరీ అన్నా విప్పావా?"

"గుర్తులేదు."

పొద్దుటి నుంచి నడుం విరిగేలా, వంక పెట్టడానికి లేకుండా చేసిన పని. ఒక్కొక్క అబద్ధంతో దాని మీద తనే బురద చల్లుకుంటున్నట్టుంది. అయినా ఆపలేదు. అక్క గొంతులో ఆ కంగారు విని ఎన్నాళ్ళయింది!

"మెకానిక్‌ని పిలువు."

"ఆదివారం ఎవరొస్తారు? నాకేదో భయంగా ఉందక్కా."

అటువైపు అక్క బావతో ఏదో అంది. తరువాత "ముట్టుకోకు. తాళం తిప్పకు. నీకేం షాక్ కొట్టలేదు కదా? రేపు మొదటి బస్సుకి వస్తాం" అంది.

ఫోన్ పెట్టేసి చెల్లెలు ఇల్లంతా ఊడ్చింది. అక్క మంచం మీద దుప్పటి మార్చింది. కూరగాయలు తెచ్చింది. అన్నీ అయ్యాక గాని ఒక సంగతి తట్టలేదు. కారు స్టార్ట్ అవుతుంది! రేపు అక్క తాళం తిప్పగానే ఒక్క తిప్పుకి అందుకుంటుంది.

బయటికొచ్చి బానెట్ ఎత్తింది. ఒక తీగ లాగేస్తే చాలు. చెంబెడు నీళ్ళు పోస్తే చాలు. చెంబు చేతిలోనే ఉంది. అద్దంలా మెరుస్తున్న ఆ మూతలను చూసింది. దాని తప్పేముంది? నీళ్ళు గుమ్మం పక్క పారబోసి, బానెట్ దించేసి లోపలికి వెళ్ళిపోయింది. అయ్యేదేదో అవుతుంది.

మర్నాడు షాపుకి సెలవు పెట్టింది. అక్కా బావా వచ్చేసరికి ఎండ ఇంకా మెట్టెక్కలేదు. బావ చేతిలో రొట్టెల పొట్లం ఉంది. అక్క కాస్త ఒళ్ళు చేసింది. జుట్టు కొత్తరకంగా ముడివేసుకుంది. చెప్పులైనా విప్పకుండా "తాళం ఏది?" అంటూ నేరుగా కారు దగ్గరికే నడిచింది.

బానెట్ ఎత్తి, చాలాసేపు చూసింది. ఒక గొట్టాన్ని వేలితో రాసి ఆ వేలు చూసుకుంది. బెల్టు తాకి చూసింది. బ్యాటరీ తీగ కదిపి చూసింది. ఏమీ అనకుండా వెళ్ళి సీట్లో కూర్చుని తాళం తిప్పింది. ఇంజను హాయిగా అందుకుంది.

"అరె, పనిచేస్తోందిగా!" అన్నాడు బావ సంబరంగా. "చూశావా, నువ్వు దారంతా కంగారుపడ్డావు."

అక్క చెల్లెలి వైపు చూసింది. చెల్లెలు గేటు వైపు చూసింది.

"చెమ్మ చేరుంటుందిలెండి. రాత్రికి ఆరిపోయుంటుంది" అంది అక్క, ఇంజను ఆపుతూ.

గండం గడిచిందనుకుంటుండగా ఎదురింటి కిటికీ తెరుచుకుంది. "వచ్చావా తల్లీ! కేకులు తిని బాగా నిగ్గుతేలావే! చూశావా మీ చెల్లెలి పనితనం? నిన్న మధ్యాహ్నం నేను అన్నం తింటున్నా, బుర్రుమని ఒక్క తిప్పుకే స్టార్టయింది. భలే అని తనకి తనే మెచ్చుకుంటోంది కూడానూ!"

చెల్లెలి ముఖం మండిపోయింది. ఆ క్షణాన ఆ బానెట్ కిందే దూరి మూసేసుకోవాలనిపించింది. బావ ఒకసారి ఆమెనూ, ఒకసారి అక్కనూ చూసి, గొంతు సవరించుకున్నాడు. "బస్సులో దుమ్ము. నేను వెళ్ళి ముఖం కడుక్కుంటా. ఈ రొట్టెలు లోపల పెట్టనా?" అని, జవాబు కోసం ఆగకుండా ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

టైలరమ్మకు కూడా ఏదో అర్థమైనట్టుంది. కిటికీ మెల్లగా మూసుకుంది.

"రాత్రంతా నాకు నిద్ర లేదు" అంది అక్క. గొంతు పెద్దది చేయలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది. "నీకు షాక్ కొట్టిందేమో, చెయ్యి కాలిందేమో, చెప్పట్లేదేమోనని. ఆయన దుకాణం మూసి వచ్చారు. ఆర్డర్లు పక్కింటావిడకి అప్పజెప్పి వచ్చాం. రమ్మని చెప్పొచ్చుగా బుంగమూతీ! ఈ నాటకం ఎందుకు?"

"రమ్మంటే వచ్చావా?" అంది చెల్లెలు. "పోయిన నెల రమ్మన్నా. వీలు చూసుకుని వస్తానన్నావ్. అంతకుముందూ రమ్మన్నా. మాట్లాడదామంటే రెండు మాటలకే 'సరే ఉంటా'. ప్లయరు దొరికిందని చెప్దామని చేశా నిన్న. అంతే. ఎర్ర పిడిది. బ్యాటరీ పక్కన నువ్వే పడేశావ్."

అక్క బ్యాటరీ పక్క సందులోకి వంగి చూసింది. "నేనేనా?"

"నువ్వే."

"ఛ!" అంది అక్క. నవ్వాలో ఏడవాలో తెలియనట్టు బంపరు మీద చెయ్యి ఆనించి నిలబడింది. తరువాత నేల చూస్తూ అంది: "నేనక్కడ బాగున్నానే. చాలా బాగున్నా. ఆ పిండి, ఆ పొయ్యిలు, వచ్చేపోయే జనం... ఆయన రోజూ ఏదో ఒకటి అని నవ్విస్తారు. అదంతా నీకెలా చెప్పను? నువ్విక్కడ ఒక్కదానివీ గోడలు చూసుకుంటూ ఉంటే? చెప్తే నీ గుండె మీద గుద్దినట్టుంటుందని, నోరు జారేలోపు ఫోన్ పెట్టేస్తున్నా."

చెల్లెలు అనుకోని మాట అది. అక్క మర్చిపోయిందనుకుంది, విసుక్కుంటోందనుకుంది. తన మీద జాలిపడి దాస్తోందని తట్టలేదు. ఏది నయమో వెంటనే తేల్చుకోలేకపోయింది. అక్క సంతోషంగా ఉంది. ఆ సంతోషంలో తనకు చోటు లేదు. ఉండనక్కర్లేదు కూడా. కళ్ళు చెమ్మగిల్లితే మోచేత్తో తుడుచుకుంది.

"బాగుంటే బాగుండు" అంది చివరికి. "ఎవరొద్దన్నారు? నాకు కష్టమైతే అవనీ. ఫోన్ మాత్రం పెట్టెయ్యకు. నాకు చెప్పడానికేమీ లేకపోయినా, నీ దగ్గరుందిగా."

అక్క తల ఊపింది. ఇద్దరూ కాసేపు ఇంజను వైపే చూస్తూ నిలబడ్డారు, మూడో మనిషి ఎవరో అక్కడ ఉన్నట్టు.

"ఆయిల్ కొలిచే కడ్డీ పిడి మాత్రం తుడవలేదు" అంది అక్క.

"వంక దొరకకపోతే నీకు అన్నం అరగదు."

"మిగతాదంతా బానే ఉంది. మర్చిపోయా మర్చిపోయా అన్నావు గానీ, టేపు మరక కూడా లేదు ఎక్కడా."

మధ్యాహ్నం ముగ్గురూ కూర్చుని తిన్నారు. బావ ముందు రోజు సంగతి ఎత్తలేదు. ఆ ఊళ్ళో ఎవరో పెళ్ళిరోజు కేకు మీద భార్య పేరుకి బదులు మరదలి పేరు రాయించుకుని వెళ్ళి, తిరిగి పరిగెత్తుకొచ్చిన వైనం చెప్పాడు. చెల్లెలు అన్నం పళ్ళెం ముందు పెట్టుకుని, పొట్ట చేత్తో పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే, సాయంత్రం బస్సు గుర్తొచ్చి గోడ గడియారం వైపు చూసింది.

బస్టాండుకి తనే కారు తోలింది. బావ వెనక కూర్చున్నాడు. అక్క పక్క సీట్లో కూర్చుని, మలుపు వచ్చినప్పుడల్లా లేని బ్రేకుని కాలితో తొక్కుతూ వచ్చింది. బస్సు కదిలేముందు చెల్లెలి బుగ్గ గిల్లింది గానీ, వచ్చే ఆదివారం వస్తానని అనలేదు. మళ్ళీ ఎప్పుడొస్తావని చెల్లెలూ అడగలేదు. బస్సు బయటికి తిరిగేటప్పుడు అక్క అటువైపు కిటికీ దగ్గర ఉండటంతో ముఖం కనబడలేదు. బావ మాత్రం చెయ్యి ఊపాడు.

ఆమె కారులోకి వచ్చి కూర్చుంది గానీ తాళం తిప్పబుద్ధి కాలేదు. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. పెట్టె మోసుకొస్తున్న ఒకాయన వంగి కిటికీలోంచి అడిగాడు, "ఖాళీయేనా మేడం?"

"ఖాళీయేనండీ. టాక్సీ కాదు" అంది.

ఆయన నొచ్చుకుని వెళ్ళిపోయాడు. ఆమె ఇంటికి వచ్చింది.

ఇల్లు పొద్దున్న ఎలా ఉందో అలాగే ఉంది. సింకులో మూడు పళ్ళేలు ఉన్నాయి. ఒకటి కడిగి, రెండోది కడుగుతుండగా ఫోన్ మోగింది.

"చేరావా?" అంది అక్క. బస్సు రొదలో గొంతు ఎగిరెగిరి పడుతోంది. "ఆ మలుపు దగ్గర హారన్ కొట్టలేదు నువ్వు."

"కొట్టాను. నీకు వినపడలేదు."

"సరే, విను. పొద్దున్న చెప్పలేదు గానీ..." అక్క జంకుతున్నట్టు తెలుస్తూనే ఉంది. "దుకాణం పక్క గది కూడా తీసుకుంటున్నామే. కుర్చీలు వేద్దామని. రంగు నన్నే ఎంచుకోమన్నారు. నేనేమో పసుపు అన్నా..."

చెల్లెలు కుళాయి కట్టేసింది. తడిచేతులు చీరకు తుడుచుకుని, కుర్చీ లాక్కుని కూర్చుంది. నొప్పి ఎక్కడో ఉంది, అక్క అన్నట్టు గుండె మీద గుద్దినట్టే ఉంది. కూర్చుని దాన్ని అలాగే ఉండనిచ్చింది.

"ఊఁ" అంది. "ఏ పసుపు? ముదురా, లేతా?"